ల్యాబ్‌లో నేను చేసిన మందు నాన్నకు వేయొచ్చా, మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక పల్లె. నేను విజయనగరంలో ఎం.ఫార్మసీ రెండో ఏడు చదువుతున్నాను. టెమోజొలొమైడ్ అనే క్యాన్సర్ మందును పీఎల్‌జీఏ అనే పాలిమర్ నానో రేణువుల్లో నింపి, పైన కైటోసాన్ పూత వేసి, ముక్కు ద్వారా మెదడుకు పంపడం నా ప్రాజెక్టు. ఈమధ్య మా నాన్నకు (56 ఏళ్లు) ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చాయి. మూడు వారాల క్రితం విశాఖలో మెదడుకు ఆపరేషన్ చేశారు. బయాప్సీలో గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్, గ్రేడ్ 4 అని వచ్చింది. రేడియేషన్, దాంతోపాటు టెమోజొలొమైడ్ మాత్రలు మొదలుపెట్టాలంటున్నారు. నాన్నకు మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్ కూడా 1.9 ఉంది. "మా గుంట ఈ మందే సేత్తంది, దాన్ని అడగండి" అని నాన్న డాక్టరు గారితో అన్నారు. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ల్యాబ్ ఫ్రిజ్‌లో నా శాంపిల్ ఉంది. రెండు చుక్కలు నాన్న ముక్కులో వేస్తే తప్పా? ఇంకోవైపు మా పెదనాన్న కొడుకు ఒకాయన్ని ఇంటికి తీసుకొచ్చాడు. "నానో ఇంజెక్షన్, ఆరు డోసులు, తొమ్మిది లక్షలు, రేడియేషన్ అక్కర్లేదు" అంటున్నాడు. తిత్లీ తుపాను తర్వాత మళ్లీ వేసుకున్న కొబ్బరి తోట అమ్మేద్దామంటోంది అమ్మ. నన్నేం చేయమంటారు?

సమాధానం: వేయకమ్మా. ఒక్క చుక్క కూడా వద్దు. ఫ్రిజ్‌లో ఉన్న ఆ సీసా మూత ఇంట్లో తెరుచుకోకూడదు. ఆ తొమ్మిది లక్షల మనిషికి అడ్వాన్సు కూడా ఇవ్వొద్దు. రేడియేషన్ తేదీ మాత్రం ఈ వారమే ఖాయం చేసుకోండి. ఎందుకో ఇప్పుడు చెప్తాను. ఫార్మసీ చదివినదానివి, లెక్కతో చెప్తేనే నీ మనసు ఒప్పుకుంటుంది.

ముందు నీ శాంపిల్ సంగతి. టెమోజొలొమైడ్‌కు ఉన్న గుణమేమిటో నీకు తెలుసు. ఆమ్ల ద్రావణంలో నిలుస్తుంది గానీ పీహెచ్ 7.4 దగ్గర దాదాపు రెండు గంటల్లో సగం విడిపోతుంది. రేణువు లోపల ఎంత మిగిలింది, బయటి నీళ్లలోకి వచ్చి ఎంత పాడైంది అన్నది ఈ రోజు ఆ సీసాను మందు ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో పెట్టి చూడకుండా ఎవరూ చెప్పలేరు. సరే, ఏమీ పాడవలేదనే అనుకుందాం. మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము మందు ఉందనుకో. ఒక్కో ముక్కురంధ్రంలో ఒకసారికి నిలిచేది మహా అయితే 0.1 మిల్లీలీటరు. రెండూ కలిపితే 0.2 మిల్లీగ్రాములు. రేడియేషన్ రోజుల్లో డాక్టర్లు ఇచ్చే మాత్ర చదరపు మీటరు శరీర వైశాల్యానికి 75 మిల్లీగ్రాముల లెక్కన ఉంటుంది. మీ నాన్నగారి వైశాల్యం 1.6 అనుకుంటే రోజుకు 120 మిల్లీగ్రాములు. ముక్కు నుంచి నేరుగా మెదడుకే పోతుంది కాబట్టి కొంచెం చాలు అంటావేమో. ఎలుకకు ముక్కు లోపలి పొరలో దాదాపు సగం వాసన పట్టే భాగమే. మనిషికి అది పదో వంతు కూడా ఉండదు, ఉన్నదీ పైన ఎక్కడో మూలన ఉంటుంది. చుక్క వేస్తే ఎక్కువ భాగం గొంతులోకి జారిపోతుంది. ఎలుకలో వచ్చిన గ్రాఫు మనిషిలో రాకపోవడానికి సగం కారణం ఇదే.

ఇక ప్రమాదం మాటకొద్దాం. రేణువులు చేయడానికి డైక్లోరోమీథేన్ వాడావో, అసిటోన్ వాడావో. రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా వాడే పీవీఏ ఎంత మిగిలిందో, బాక్టీరియా నుంచి వచ్చే ఎండోటాక్సిన్లు ఎన్ని ఉన్నాయో ఎవరూ పరీక్షించలేదు. ప్రాజెక్టుకు అవసరం లేదు కాబట్టి అడగరు కూడా. పుర్రె తెరిచి మూడు వారాలైన మనిషి, స్టెరాయిడ్ల మీద ఉన్న మనిషి, మూత్రపిండాలు అంతంతమాత్రంగా ఉన్న మనిషి. అలాంటి ఆయనకు స్టెరైల్ కాని ద్రవం మెదడుకు అంత దగ్గర దారిలో వేయడం తప్పే. ప్రేమతో వేసినా తప్పే.

ఇంకొకటి, ఇది నీకు కాస్త కష్టంగా ఉంటుంది. నువ్వు నానో రేణువులో నింపుతున్న మందు, రేణువు సాయం లేకుండానే మెదడులోకి వెళ్లగలిగిన కొద్ది మందుల్లో ఒకటి. 194 డాల్టన్ల చిన్న అణువు అది. మాత్ర మింగితే చాలు, కొంత భాగం మెదడులోకి చేరుతుంది. కాబట్టి "నా దగ్గరున్నది నాన్నకు అందడం లేదు" అని కుమిలిపోకు. అదే మందు, సరైన మోతాదులో, మాత్ర రూపంలో, ఆయనకు అందబోతోంది. ముక్కు ద్వారా టెమోజొలొమైడ్ అనే ప్రాజెక్టు మన కాలేజీల్లో ఎందుకింత ఎక్కువో నాకు తెలుసు. మందు సులువుగా దొరుకుతుంది, యూవీ మీద కొలవొచ్చు, పేపరు త్వరగా అవుతుంది. చేయి తిరగడానికి అది మంచి పనే. వైద్యం వేరే సంగతి.

నీతోపాటు ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట. మెదడులోని సన్న రక్తనాళాల గోడల్లో కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటాయి. వాటి మధ్య నుంచి మందు దూరే సందు ఉండదు. కణం లోపలికి ఎలాగో దూరినదాన్ని కూడా పీ-గ్లైకోప్రోటీన్ లాంటి పంపులు తిరిగి రక్తంలోకి తోసేస్తాయి. డాక్సోరుబిసిన్, పాక్లిటాక్సెల్ లాంటి పేరున్న క్యాన్సర్ మందులు మెదడు దగ్గర ఓడిపోయేది ఇక్కడే. గ్లయోబ్లాస్టోమాలో తిరకాసు ఏమిటంటే, గడ్డ నడిమధ్యలో ఈ గోడ చెడిపోయి కారుతూ ఉంటుంది. ఎంఆర్ఐలో కాంట్రాస్ట్ ఎక్కించినప్పుడు తెల్లగా మెరిసేది ఆ భాగమే. సర్జన్ తీసేది కూడా చాలావరకు ఆ భాగాన్నే. గడ్డ అంచులు దాటి మంచి మెదడులోకి పాకిపోయిన కణాలు మాత్రం గోడ గట్టిగా ఉన్నచోట దాక్కుంటాయి. జబ్బు తిరిగి వచ్చేది ఎక్కువగా ఆపరేషన్ చేసిన చోటికి రెండు సెంటీమీటర్ల లోపే. కాబట్టి ఏ రేణువైనా గడ్డలోకి చేరింది అంటే సరిపోదు, గడ్డ చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన మెదడులోకి చేరిందా అని అడగాలి.

ఎలుకల్లో చేరిన దాఖలాలు ఉన్నాయి, అబద్ధం కాదు. 1995లో జర్మనీలో క్రాయిటర్ బృందం పాలీబ్యూటైల్ సయనోఅక్రిలేట్ రేణువుల మీద పాలిసార్బేట్ 80 పూత వేసి, మామూలుగా మెదడులోకి వెళ్లని డలార్జిన్ అనే పెప్టైడ్‌ను లోపలికి పంపగలిగారు. ఆ పూత రక్తంలోని అపోలిపోప్రోటీన్-ఈని అంటించుకుంటుంది. దాంతో నాళం గోడ దాన్ని కొవ్వు రేణువనుకుని లోపలికి తీసుకుంటుంది. తెలివైన పని. 2004లో అదే పద్ధతిలో డాక్సోరుబిసిన్ ఇస్తే మెదడు గడ్డలున్న ఎలుకల్లో ఐదో వంతు చాలాకాలం బతికాయి. నువ్వు నీ ప్రాజెక్టు పరిచయంలో ఈ రెండు పేపర్లూ రాసే ఉంటావు. ఇరవై ఏళ్లు దాటినా అది ఆస్పత్రిలో దొరికే మందు కాలేదు.

ఎందుకు కాలేదంటే ఒక్క కారణం లేదు. ఎలుక మెదడు రెండు గ్రాములు, చిట్టెలుకది అరగ్రాము కూడా ఉండదు. మనిషిది 1,300 గ్రాములకు పైమాట. అక్కడ ఒకటి రెండు మిల్లీమీటర్లు పాకితే సగం మెదడు దాటినట్టే, మనిషిలో అది లెక్కలోకి రాదు. ల్యాబుల్లో ఎక్కువగా వాడే యూ87 అనే మెదడు క్యాన్సర్ కణాల గడ్డ ఉండలా పెరుగుతుంది, మనిషి గ్లయోబ్లాస్టోమాలా వేళ్లూనుకుని పాకదు. పైగా ల్యాబులన్నీ తెప్పించుకునే ఆ కణాలు మొదట ఏ రోగి నుంచి తీశామన్నారో ఆ రోగివి కావని 2016లో తేలింది. అదే ఏడాది ఇంకో పరిశీలన వచ్చింది. పదేళ్ల జంతు ప్రయోగాలు గుదిగుచ్చి చూస్తే, ఎక్కించిన నానో మందులో గడ్డకు చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. అదీ మెదడు గోడ అడ్డం లేని గడ్డలను కూడా కలుపుకుని. మిగతాది కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. గొట్టా బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు వంశధార ఎడమ కాలువ శివారు పొలానికి ఏమాత్రం చేరతాయో మీ వైపు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పైన ఎంత వదిలామన్నది కాగితం మీద ఘనంగానే ఉంటుంది.

మెదడు గడ్డకు పాలిమర్‌తో చేసిన మందు ఒకటి నిజంగా ఆస్పత్రిదాకా వచ్చింది. చిత్రమేమంటే అది నానో కాదు, రక్తంలోకి ఎక్కించేదీ కాదు. గ్లియాడెల్ అంటారు. పాలీఅన్‌హైడ్రైడ్ పాలిమర్‌లో కార్ముస్టిన్ కలిపి చేసిన బిళ్ల. ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పు, మిల్లీమీటరు మందం, ఒక్కోదాంట్లో 7.7 మిల్లీగ్రాముల మందు. సర్జన్ గడ్డ తీసేశాక ఆ గుంటలో ఎనిమిది బిళ్లల వరకు పరిచి మూసేస్తారు. అవి రెండు మూడు వారాల పాటు మెల్లగా కరుగుతూ మందు వదులుతాయి. గోడ దాటే గొడవే లేదు, గోడ దాటి మెదడు వైపే పెట్టేశారు కదా. అమెరికాలో 1996లో తిరగబెట్టిన గడ్డలకు, 2003లో కొత్తగా కనబడిన వాటికి అనుమతి ఇచ్చారు. ఎంఐటీ శాస్త్రవేత్త లాంగర్, జాన్స్ హాప్కిన్స్ సర్జన్ బ్రెమ్ చాలా ఏళ్లు చేసిన కృషి అది. ఫలితం ఎంత? పెద్ద ట్రయల్‌లో బిళ్లలు పెట్టినవాళ్ల మధ్యస్థ ఆయుష్షు 13.9 నెలలు, మందు లేని బిళ్లలు పెట్టినవాళ్లది 11.6 నెలలు. రెండు నెలల పైచిలుకు. మెదడు వాపు, గాయం సరిగా మానకపోవడం లాంటి ఇబ్బందులూ ఉన్నాయి. ఇంత పేరున్న శాస్త్రవేత్తలు, ఇన్నేళ్లు, గోడను పూర్తిగా తప్పించుకుని చేస్తే దక్కింది ఇది. మీ నాన్నగారికి ఆపరేషన్ అయిపోయింది కాబట్టి ఇప్పుడు దాని గురించి పరుగులు అక్కర్లేదు. ఎప్పుడైనా రెండో ఆపరేషన్ మాట వస్తే సర్జన్‌ను అడుగు.

ఇప్పుడు ఆ నానో ఇంజెక్షన్ పెద్దమనిషి. నానో పేరుతో నిజమైన క్యాన్సర్ మందులు ఉన్నాయి. లైపోసోముల్లో డాక్సోరుబిసిన్ 1995 నుంచి ఉంది, ఆల్బుమిన్‌తో కట్టిన పాక్లిటాక్సెల్ 2005 నుంచి ఉంది, పాలిమర్ మైసెల్‌లో పాక్లిటాక్సెల్ కూడా కొన్ని దేశాల్లో అమ్ముతున్నారు. వీటిలో ఏదీ మెదడు గడ్డకు అనుమతి పొందిన మందు కాదు. అతను వీటిలో ఒకటి తెచ్చి ఎక్కించి "నానో" అంటే మాట వరసకు అబద్ధం చెప్పినట్టు కూడా ఉండదు, అదే దీంట్లో ఉన్న మోసం. లేకపోతే పసుపు నీళ్లే కావచ్చు. నువ్వు ఫార్మసిస్టువి. సీసా చూపించమను. లేబుల్ మీద మందు పేరు, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చదువు. ఇది కొత్త పరిశోధన మందు అంటే సీటీఆర్ఐ (మన దేశ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నంబరు అడుగు. మన దేశంలో మనుషుల మీద జరిగే ప్రతి ట్రయల్‌నూ ఆ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 నుంచి తప్పనిసరి. అక్కడ ఎథిక్స్ కమిటీ అనుమతి, జరుగుతున్న ఆస్పత్రులు, ఎవరిని తీసుకుంటారు, ఎవరిని తీసుకోరు అన్నీ ఉంటాయి. కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు చేసే ట్రయల్‌లో పరీక్షిస్తున్న మందుకు మామూలుగా రోగి దగ్గర డబ్బు తీసుకోరు, దానివల్ల హాని జరిగితే వైద్యం వాళ్లే చేయించాలి, పరిహారమూ ఇవ్వాలి. 2019 నిబంధనల్లో ఉంది. తొమ్మిది లక్షలు అడిగి ట్రయల్ అనేవాడు ట్రయల్ చేయడం లేదు. క్యాన్సర్ నయం చేస్తానని మందుకు ప్రచారం చేసుకోవడం 1954 చట్టం ప్రకారం నేరం కూడా. అయితే మీ అన్నయ్యతో గొడవ పెట్టుకోకు. అతను మీ నాన్న కోసమే తిరుగుతున్నాడు. ఆ తిరుగుడేదో విశాఖలో గది వెతకడానికి తిరగమను, ఆరు వారాలకు కావాలి.

నిజమైన ట్రయల్ కోసం వెతకడం మాత్రం మానకు. సీటీఆర్ఐలో గ్లయోబ్లాస్టోమా అని కొట్టి, ఎవరిని చేర్చుకుంటారో చదువు. క్రియాటినిన్ 1.9 దగ్గర చాలా ట్రయల్స్ తలుపు మూస్తాయి, అది ముందే తెలుసుకుంటే ఆశ పెట్టుకుని బాధపడక్కర్లేదు.

చేయాల్సింది ఇది. రేడియేషన్ సాధారణంగా ఆపరేషన్ అయిన ఆరు వారాల లోపు మొదలుపెడతారు. మీకు మూడు గడిచాయి. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు, మొత్తం 30 సిట్టింగులు. మాత్ర మాత్రం శని, ఆదివారాలతో సహా రోజూ. పరగడుపున, ఒకే వేళకు, వాంతి రాకుండా ఇచ్చే మాత్ర ముందు వేసుకుని. క్యాప్సూల్ విప్పి నీళ్లలో కలపనివ్వకు. వారం వారం రక్తపరీక్ష ఉంటుంది. ప్లేట్‌లెట్లు లక్షకు దిగితే డాక్టరు గారు మాత్రలు ఆపవచ్చు, దానికి కంగారు పడొద్దు. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి టాటా మెమోరియల్ వాళ్లదే. ఇప్పుడు చూస్తున్నచోట తేదీ ఆలస్యమవుతోందంటే అక్కడికి వెళ్లండి. ఎన్టీఆర్ వైద్య సేవలో, అంటే పాత ఆరోగ్యశ్రీలో, క్యాన్సర్‌కు రేడియేషన్, కీమో వస్తాయి. కార్డు, ఆపరేషన్ డిశ్చార్జి కాగితాలు తీసుకుని ఆస్పత్రిలోని పథకం కౌంటర్ దగ్గర ముందే అప్రూవల్ పెట్టించండి. తోట ఇప్పుడు అమ్మనవసరం లేదు. ఆరు వారాల గది అద్దెకు, తిండికి, సోంపేట నుంచి రైలు ఖర్చులకు డబ్బు చూసుకుంటే చాలు.

క్రియాటినిన్ విషయంలో మీ ఉద్దానం వాళ్లకు చెప్పాల్సింది వేరుగా ఉంది. టెమోజొలొమైడ్ శరీరంలో చాలావరకు దానంతటదే విడిపోతుంది కాబట్టి మూత్రపిండాల మీద అది పెద్దగా ఆధారపడదు. అయినా ఆంకాలజిస్టుకు, ఎంఆర్ఐ గదిలో వాళ్లకు ఆ నంబరు చెప్పి తీరాలి. కాంట్రాస్ట్ ఏది వాడాలో దాన్నిబట్టి నిర్ణయిస్తారు. అసలు భయం వేరే ఉంది. తలనొప్పి వస్తే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర మూత్రపిండాలను దెబ్బతీసే డైక్లోఫెనాక్ సూది వేయించేస్తారు. ఒక్కటి కూడా వేయించొద్దు. మెదడు వాపుకు ఇచ్చే డెక్సామెథసోన్‌ను ఉన్నట్టుండి ఆపకూడదు. అది తింటున్నన్నాళ్లు షుగర్ చూస్తూ ఉండాలి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి వేళ చూసుకోండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం వద్దు. ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి.

నువ్వు పేపర్లు చదివేదానివి, అంకెలు ఎలాగూ చూసే ఉంటావు. 2005 నాటి పెద్ద ట్రయల్‌లో రేడియేషన్ ఒక్కటే ఇస్తే మధ్యస్థ ఆయుష్షు 12.1 నెలలు, మాత్రలు కలిపితే 14.6 నెలలు. రెండేళ్లు దాటినవాళ్లు 10.4 శాతం నుంచి 26.5 శాతానికి పెరిగారు. ఐదేళ్లు దాటినవాళ్లూ వందలో పదిమంది దాకా ఉన్నారు. మధ్యస్థం అంటే సగం మంది దానికి అటువైపు ఉన్నారని కూడా. దీన్ని మీ నాన్నకు ఎంతవరకు చెప్పాలో ఆయనే అడిగే తీరులో తెలుస్తుంది. అడగనిది చెప్పకు, అడిగినదానికి అబద్ధం చెప్పకు. నొప్పి, నిద్ర, మూడ్ మార్పులు చూసుకునే పాలియేటివ్ కేర్ డాక్టరును చివర్లో కాదు, ఇప్పుడే కలవండి. ఆయన ఉన్నట్టుండి కోపగించుకున్నా, మాట తడబడినా అది జబ్బు చేసే పని.

"మా గుంట ఈ మందే సేత్తంది" అన్నది డాక్టరు ముందు గర్వంగా చెప్పుకున్న మాట. నువ్వు దాన్ని అప్పు నోటులా చదువుతున్నావు. ఆయనకు నిజమే చెప్పు: నేను చేసేది ఇంకా ఎలుకల దాకే వచ్చింది నాన్నా, నువ్వు వేసుకునే మాత్రలోది అదే మందు, లెక్కపెట్టి నేనే ఇస్తాను అని. గైడ్‌ను కలిసి ఆరు వారాలు సెలవు అడుగు. థీసిస్ తేదీ జరుగుతుంది, రేడియేషన్ తేదీ జరగదు.

చివరిగా ఒక పని. ఆపరేషన్ చేసిన ఆస్పత్రిలో గడ్డ ముక్క పారఫిన్ బ్లాకుగా భద్రంగా ఉంటుంది. దానిమీద ఈ మాత్రలు ఎంత పనిచేస్తాయో చెప్పే ఎంజీఎంటీ మిథైలేషన్, గడ్డ రకాన్ని తేల్చే ఐడీహెచ్ పరీక్షలు చేశారో లేదో కనుక్కో. చేయకపోతే బ్లాకు అడిగి తీసుకుని చేయించు. ఎంజీఎంటీ మిథైలేషన్ ఉన్నవాళ్లలో మాత్రలు కలిపినప్పుడు మధ్యస్థ ఆయుష్షు 21.7 నెలలు, రేడియేషన్ ఒక్కటే అయితే 15.3. లేనివాళ్లలో ఆ తేడా నెల కూడా లేదు, 12.7కు 11.8. రిపోర్టు కోసం రేడియేషన్ ఆపొద్దు, రెండూ పక్కపక్కన నడవనీ. రిపోర్టు వచ్చాక, రేడియేషన్ తర్వాత ఇచ్చే ఆరునెలల మాత్రల కోర్సు మొదలయ్యేలోపు, ఆ కాగితంతో మళ్లీ నాకు రాయి.